హెర్మిందా ఇంటి పొగ

రెబొర్దేలో అనే ఊరి కొండకు పట్టాదారు అంటూ ఎవరూ లేరు. ఊళ్ళో ఎవరి ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తుందో వాళ్ళందరిదీ ఆ కొండ. తాతల నాటి కట్టుబాటు అది, తర్వాత చట్టం కూడా సరేనంది. తలుపు తెరిచి, పొయ్యి రాజేసి, మనిషి కాపురముంటే ఆ ఇంటికి కొండలో వాటా, కొండ సభలో ఒక ఓటు. ఇంటికి తాళం పడితే రెండూ పోతాయి. ఇల్లు అమ్ముకోవచ్చు, పొలం అమ్ముకోవచ్చు, ఈ వాటా మాత్రం అమ్మడానికీ కుదరదు, పిల్లలకు రాసివ్వడానికీ కుదరదు. ఉన్నవాడికి కొండ, వెళ్ళినవాడికి దండం.

రొట్టెల వ్యాను తోలే దెల్మీరో పొద్దున్నే ఊరంతా తిరుగుతాడు. ప్రతి ఇంటి ముందూ హారన్ కొట్టి, తలుపుకు వేలాడే గుడ్డసంచిలో రొట్టె పెట్టి పోతాడు. కానీ ముందు తల పైకెత్తి పొగగొట్టం చూస్తాడు, ఆ తర్వాతే తలుపు చూస్తాడు. ఎవరు లేచారో, ఎవరు పడకేశారో, ఎవరు మూటాముల్లె సర్దుకుని పట్నం పోయారో అతనికి తెలిసినంతగా చర్చి ఫాదర్‌కు కూడా తెలియదు.

దెల్మీరోకు పెళ్ళి కాలేదు. పార్టీ ఉంది. గలీసియా శ్రామిక కూటమి అనే పార్టీ ఒకటుందని గలీసియాలోనే చాలామందికి తెలియదు. భూమి దున్నేవాడిదనీ, సముద్రం వల వేసేవాడిదనీ, గలీసియా ప్రాంతం మాద్రిద్ సర్కారు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదనీ, ఈ మాటలన్నీ సొంత భాషలోనే అనాలనీ ఆ పార్టీ అంటుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. ఒకసారి సిద్ధాంతం దగ్గర మాటామాటా పెరిగి రెండుగా చీలినప్పుడు కుర్చీలు కూడా పంచుకున్నారు. ఎన్నికల్లో వచ్చిన ఓట్లు పార్టీ విందుకొచ్చిన జనం కన్నా తక్కువ. మా పంది మాంసం తిని ఓటు ఎటు వేశారో అని ఇప్పటికీ అనుమానంగా చూసుకుంటారు.

రెబొర్దేలోలో ఆ పార్టీ అంటే ఇద్దరు మనుషులు. ఒకరు దెల్మీరో, రెండోది హెర్మిందా. ఇద్దరే అయినా నెలనెలా సమావేశం జరిగేది, హెర్మిందా వంటింట్లో, పొయ్యి పక్కనున్న చెక్క బల్ల మీద. అధ్యక్షత వంతులవారీగా వహించేవారు. చర్చ వేడెక్కితే హెర్మిందా ఆకుకూర చారు గిన్నె నింపి అతని ముందు తోసి, "ముందు ఇది తిను, తర్వాత విప్లవం" అనేది.

హెర్మిందాకు ఎనభై దాటాయి. నియంత కాలంలో అటవీ శాఖ వాళ్ళు ఊరి కొండను లాక్కుని, మేకలు మేసే చోట పైన్ మొక్కలు నాటడానికి వచ్చినప్పుడు, ట్రాక్టరు ముందు అడ్డంగా పడుకున్న ఆడవాళ్ళలో ఆమె ఒకతె. పోలీసులు జుట్టు కత్తిరించి పంపించారు. మేకలను పట్టుకుపోయారు. కొండ మళ్ళీ ఊరి చేతికి రావడానికి సగం జీవితం పట్టింది. ఆ కొండ మీద ఇప్పుడు ఒక గ్రానైట్ కంపెనీ కన్ను పడింది. ముప్ఫై ఏళ్ళు లీజుకిస్తే ఇంటింటికీ డబ్బు, కుర్రాళ్ళకు ఉద్యోగాలు అంది. సారా కొట్టు నడిపే ఒలెగారియో కొండ సభకు అధ్యక్షుడు. అతను కంపెనీ వైపు. ఊరు ఇంచుమించు సగానికి చీలింది. సమానంగా వస్తే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. అంటే కొండ నిలవాలంటే ఒక్క ఓటు ఎక్కువ రావాలి. ఆ ఒక్కటి హెర్మిందాది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని తెచ్చిపెట్టింది దెల్మీరోనే. అంతకుముందు ఏడాది ఒలెగారియో వైపు ఓట్లలో కొన్ని దొంగ పొగలు. ఇంటాయన స్విట్జర్లాండులో హోటల్లో గిన్నెలు తోముతుంటాడు, ఇక్కడ మేనల్లుడు శనివారం వచ్చి పొయ్యిలో నాలుగు పైన్ కాయలు వేసి ముట్టించి పోతాడు. దెల్మీరో సభలో లేచి, "రొట్టె కొనని ఇంట్లో మనుషులు ఎలా ఉంటారయ్యా? గాలి భోంచేస్తారా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే కొత్త కట్టుబాట్లు నెగ్గించుకున్నాడు. సభకు ముందు వారమంతా ఇల్లిల్లూ చూడాలి, మనిషి పడుకోని ఇంటిని కొట్టేయాలి. ఇంకోటి, చర్చ పూర్తయ్యాకే చేతులెత్తాలి, ముందే చెయ్యెత్తి సంతకు పోతామంటే ఆ ఓటు చెల్లదు. దొంగ పొగలన్నీ పోయాయి. వాటితోపాటు ఒలెగారియో పినతండ్రి కొడుకు బెనిగ్నో ఇల్లు కూడా పోయింది. ఆగస్టులో అతను స్విట్జర్లాండు నుంచి వచ్చి, సారా కొట్టులో బల్ల మీద తల పెట్టి, "మా తాత కొండరా అది" అని ఏడ్చాడు. దెల్మీరో తన గ్లాసు ఖాళీ చేసి, కట్టుబాటు కట్టుబాటే అని బయటికొచ్చాడు. ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది.

చలికాలం మొదట్లో హెర్మిందాకు దగ్గు పట్టుకుంది. డాక్టరు వచ్చి చూసి, రాతి గోడల్లోంచి కారుతున్న తేమను కూడా చూసి, ఈ ఇంట్లో ఉంటే ఊపిరితిత్తులు ఈ చలి దాటవు అన్నాడు. కబురు అందగానే కూతురు సబేలా వీగో పట్నం నుంచి వచ్చింది. అక్కడ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. వచ్చీ రాగానే తల్లి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. దెల్మీరో చెక్క బల్ల మీద కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"దెల్మీరో, డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు కదా. ఇంకేంటి ఆ మొహం?"

"ఏం లేదమ్మా. సభ దగ్గర్లోనే ఉంది. అదొక్కటీ అయ్యాక..."

"సభ ఎప్పుడో ఒలెగారియోకే తెలీదు. పండగ తర్వాత అంటాడు, పందుల కోత తర్వాత అంటాడు. చలి ముసలోళ్ళని ఎత్తుకుపోయేదాకా జరుపుతూనే ఉంటాడు. నీకు తెలీదా?"

తెలుసు. దెల్మీరో టోపీ ఇంకోసారి తిప్పాడు.

"సరే, ఒక పని చెయ్యి," అంది సబేలా గొంతు తగ్గించి. "నువ్వు రోజూ రొట్టెతో వస్తావు కదా. తాళంచెవి తీసుకో. పొద్దున్నే పొయ్యి ముట్టించి పో. ఎవడికి తెలుస్తుంది?"

మూలనున్న హెర్మిందా పెద్దగా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఊపిరి కుదురుకున్నాక, "దొంగ పొగా?" అంది. "ఒసే పిచ్చిదానా, బెనిగ్నోని ఏడిపించి నాలుగు నెలలైనా కాలేదు, నేను పెట్టిస్తానా దొంగ పొగ? మా పార్టీకి ఓట్లు లేవే, సీట్లు లేవు, సరిగ్గా కుర్చీలు కూడా లేవు. మొహం ఒక్కటే ఉంది. దానికి మసి పుయ్యమంటావా?"

"నువ్వు బతకాలి కదమ్మా!"

"బతుకుతాలే. ట్రాక్టరు తొక్కితేనే చావలేదు."

"తొక్కలేదమ్మా, ఆగింది."

"అదే, ఆగింది. ఇదీ ఆగుద్ది."

సబేలా దెల్మీరో వైపు చూసింది. అతనొక్క మాట అంటే చాలు, తల్లి వింటుందని ఆమెకు తెలుసు. అతను ఆ మాట అనలేదు. హెర్మిందా తనంతట తానే ఉంటానన్నందుకు అతని గుండె తేలికపడింది. సిగ్గుపడాల్సిన చోట అతనికి కలిగింది అదే. బట్టలు మళ్ళీ అల్మరాలోకి వెళ్ళాయి. సబేలా ఏడ్చుకుంటూ బస్సెక్కింది. పొమ్మనలేక పొగబెట్టడం లోకంలో అందరూ చేసేదే, ఉండమనడానికి పొగబెట్టించిన ఘనత మాత్రం దెల్మీరోది.

అప్పటినుంచి అతను హెర్మిందా ఇంటికి అందరికన్నా ముందు వచ్చేవాడు. మలుపు తిరగ్గానే తల ఎత్తేవాడు. రాతి కప్పు మీద సన్నగా పొగ కనిపిస్తే, ఆ రోజుకు కొండ బతికినట్టే. రొట్టె లోపలికి తీసుకెళ్ళి, పాలు కాచి, మందు తాగించి, పావుగంట కూర్చుని వెళ్ళేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కన్నకొడుకైనా ఇంత చూడడు అనుకున్నారు. పట్నం నుంచి పార్టీ కార్యదర్శి రొసెందో ఫోన్ చేసి, "దెల్మీరో, మనకు చెప్పుకోవడానికి ఈ కొండ ఒక్కటే ఉంది, జాగ్రత్త" అనేవాడు. ముసలామె ఎలా ఉందని కూడా అడిగేవాడు. రెండో ప్రశ్నగా అడిగేవాడు.

జనవరిలో మంచు పడింది. ఒక పొద్దున హెర్మిందా పాల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, మంటలోకి చూస్తూ కూర్చుంది.

"సబేలా ఇంట్లో గోడకి ఇనుప పెట్టెలుంటాయంటగా?"

"ఉంటాయత్తా."

"మీట తిప్పితే వేడెక్కుతాయంట. కట్టె అక్కర్లేదంట."

"అవునత్తా."

"కాళ్ళు దాని మీద పెట్టుకోవచ్చంటరా?"

"పెట్టుకోవచ్చేమో. నాకు తెలీదు."

పాల మీద మీగడ కట్టింది. ఆమె దాన్ని వేలితో పక్కకు నెట్టింది.

"సభ ఎప్పుడంట?"

"నెలాఖరు ఆదివారం. ఈసారి ఖాయం. నోటీసు కూడా అంటించాడు."

"దెల్మీరో."

"చెప్పత్తా."

"నేను పోతానంటే ఏం చేస్తావురా?"

అతను కిటికీలోంచి కొండ వైపు చూశాడు. మంచు కింద అది ఎప్పటిలాగే ఉంది. కొండకు తొందరేమీ లేదు.

"నువ్వెళ్తే కొండ పోద్దత్తా," అన్నాడు. "అంతే. ఆపైన నీ ఇష్టం."

హెర్మిందా అతని మొహంలోకి చూసి చిన్నగా నవ్వింది. "అంటే నా ఇష్టం కాదన్నమాట," అని పాలు తాగేసింది. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. దెల్మీరో ఆ రోజంతా రొట్టెలు తప్పు ఇళ్ళలో పెట్టాడు.

ఆదివారం వచ్చింది. ఆ వారమంతా ఇళ్ళు చూసేవాళ్ళు వచ్చి పొగలు చూసి పోయారు. హెర్మిందా ఇంటి పొగ అసలైన పొగ అని ఒలెగారియో మనిషే ఒప్పుకున్నాడు. దెల్మీరో వ్యాను కడిగి, ముందు సీటు మీద దుప్పటి పరిచి వచ్చాడు. మలుపు దగ్గర తల ఎత్తాడు. పొగ ఉంది. సన్నగా ఉంది, కానీ ఉంది.

లోపల హెర్మిందా నల్ల బట్టలు వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని, సిద్ధంగా కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో తడి గుడ్డ పిండినట్టు చప్పుడు. దెల్మీరో కూర్చుందామని వెనక్కి చెయ్యి చాపాడు, చేతికి ఏమీ తగల్లేదు.

"బల్ల ఏదత్తా?"

"కాల్చేశా."

అప్పుడు చూశాడు అతను. పొయ్యిలో బల్ల కాలు ఒకటి సగం కాలి ఉంది. తలుపు వెనక కట్టెల గూడు ఖాళీ. మిగిలిన నాలుగు కర్రలు నానిపోయి బూజు పట్టాయి. అల్మరా తలుపు ఒకటి లేదు. నెలలపాటు ప్రతి పొద్దునా వచ్చి తల పైకెత్తి పొగ చూశాడు తప్ప, ఆ పొగ దేన్ని కాలిస్తే వస్తోందని ఒక్కరోజు కిందకు చూడలేదు.

"చెప్పొచ్చు కదత్తా! నేను తెచ్చేవాణ్ణి కదా కట్టెలు!"

"నీకే కనపడుద్దిలే అనుకున్నా," అంది హెర్మిందా.

ఓరెన్సె పట్నంలో ఆసుపత్రి గంట దూరం. బడి అయిదు నిమిషాల దూరం. సభ ఆ పాత బడిలోనే. దెల్మీరో ఆమెను ఎత్తుకుని వ్యానులో కూర్చోబెట్టాడు. రొట్టెల బుట్టకున్నంత బరువు కూడా లేదు. తాళంచెవి తిప్పేటప్పుడు అతనికి ఆసుపత్రి గుర్తొచ్చింది. గుర్తు రాలేదని ఎవరూ అతనికి వత్తాసు పలకనక్కర్లేదు. "అరగంట పనత్తా, అవగానే తిన్నగా డాక్టరు దగ్గరికే," అని బడి వైపు తిప్పాడు.

లోపలికి మోసుకొస్తుంటే మాటలన్నీ ఆగిపోయాయి. ముందు లేచింది ఒలెగారియో. ఒళ్ళూ గొంతూ రెండూ పెద్దవే అతనికి.

"ఒరే, నీకు మతుందా? ఆ మొహం చూడు. ఆసుపత్రికి తీసుకుపో!"

"ఓటయ్యాక తీసుకెళ్తా."

"ఓటేగా నీ బాధ? ఇప్పుడే లెక్కేస్తాం. ఇదిగో, అందరూ వినండి, హెర్మిందా ఇల్లు కంపెనీకి వ్యతిరేకం. అయిపోయింది. రాసుకున్నాం. ఇక కదులు."

ఒక్క క్షణం దెల్మీరో కాళ్ళు తలుపు వైపు తిరిగాయి. ఆ తర్వాత బుర్ర పనిచేసింది. బుర్ర పనిచేయడం అన్నిసార్లూ మంచిది కాదు. ఒలెగారియో నోట్లోంచి మంచిమాట వచ్చిందంటే దాని వెనక కంపెనీ వకీలు ఉండకుండా ఉంటాడా? చర్చకు ముందు ఎత్తిన చెయ్యి చెల్లదు. రేపు కోర్టులో ఆ ఒక్క ఓటూ కొట్టేస్తారు. తానైతే కొట్టేయించేవాడు.

"చర్చ అయ్యాకే చెయ్యి," అన్నాడు. "కట్టుబాటు అది."

"ఆ కట్టుబాటు పెట్టిందే నువ్వు కదరా!"

"అందుకే చెప్తున్నా."

ఒలెగారియో ఒక బూతు మాట నమిలి మింగేసి, తనవాళ్ళ వైపు తిరిగాడు. "మనోళ్ళెవరూ నోరెత్తొద్దు. ఒక్కడు మాట్లాడినా నా కొట్లో అరువు బంద్. చర్చ లేదు, గిర్చ లేదు. త్వరగా కానివ్వండి."

ఆ వైపు నుంచి నిజంగానే ఒక్కరూ మాట్లాడలేదు. ఆ రోజు సభలో మాట్లాడింది దెల్మీరో ఒక్కడే. చలికాలమంతా వ్యాను నడుపుతూ కూర్చుకున్న ఉపన్యాసం అది. మొదటి రెండు మాటలు చెప్పి కూర్చోవచ్చు. కూర్చుందామనే లేచాడు. కానీ లేచాక మాటలు వాటంతట అవే వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, వరసగా. కొండలో ఊటలు ఎక్కడెక్కడున్నాయో చెప్పాడు. పక్క ఊళ్ళో క్వారీ దుమ్ము తిన్న ఊపిరితిత్తుల గురించి చెప్పాడు, పక్కనే ఒక జత ఊపిరితిత్తులు గిలగిల్లాడుతుంటే. ట్రాక్టరు ముందు పడుకున్న ఆడవాళ్ళ గురించి చెబుతూ హెర్మిందా వైపు చెయ్యి చూపించాడు. అందరూ అటు చూశారు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. చప్పట్లు కొట్టారు, అవతలివాళ్ళు కూడా కొందరు కొట్టారు. అతను పార్టీలో చేరాక ఇంత మంచి ఉపన్యాసం చేయలేదు.

చేతులెత్తే వేళకు దెల్మీరో ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన చేత్తో ఆమె చెయ్యి ఎత్తితే ఓటు చెల్లదు. అందుకని ముట్టుకోలేదు.

"అత్తా, చెయ్యి."

కళ్ళు తెరవలేదు. చెయ్యి లేచింది. వేళ్ళు వంకరపోయి, మణికట్టు వణుకుతూ, అందరి చేతుల లెక్కా అయ్యేదాకా అలాగే ఉంది. లెక్కపెడుతున్నవాడు తడబడి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. అయినా ఉంది. ఒక్క ఓటు తేడాతో కొండ నిలిచింది.

హెర్మిందా మూడో రోజు ఓరెన్సె ఆసుపత్రిలో పోయింది. ఆ మూడు రోజులూ సబేలా గదిలోకి దెల్మీరోను రానివ్వలేదు, అతను నడవలోనే కూర్చున్నాడు. ఖననానికి రొసెందో ఎర్ర నక్షత్రమున్న పార్టీ జెండా తెచ్చాడు, పెట్టె మీద కప్పుదామని. సబేలా ఆ గుడ్డను మడిచి అతని చేతికే ఇచ్చి, "చలి వేసినప్పుడు కప్పాల్సింది" అంది. దెల్మీరోతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

కంపెనీ ఊరుకుంటుందా. ఈస్టర్ అవగానే ఇంకాస్త డబ్బు కలిపి మళ్ళీ అర్జీ పెట్టింది. మళ్ళీ సభ, మళ్ళీ ఇళ్ళ తనిఖీ. ఇప్పుడు హెర్మిందా ఇల్లు లేదు కాబట్టి చెరిసగం. చెరిసగమైతే అధ్యక్షుడి మాట. అంటే కొండ పోయినట్టే. ఈ లెక్క ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. దెల్మీరోకు ఆ రోజుల్లో అన్నం సయించలేదు. కొండ పోతే హెర్మిందా దేనికోసం పోయినట్టు? కాసేపాగి ఇంకో ప్రశ్న వచ్చేది. కొండ నిలిస్తే మాత్రం? రెండో ప్రశ్నను అతను తలుపు బయటే ఉంచేవాడు.

ఒక పొద్దున్న హెర్మిందా ఇంటి ముందు వ్యాను ఆపాడు. గడప పక్క రాయి కింద తాళంచెవి ఉంది. వ్యానులోంచి ఎండిన ఓక్ కట్టెలు దించాడు, మంచివి, ఏడాది ఆరినవి. అలాంటివి ఆమె బతికుండగా ఒక్క మోపు తేలేదు. పొయ్యి ముట్టించాడు. పోతూ పోతూ తలుపు సంచిలో ఒక రొట్టె కూడా పెట్టాడు. రొట్టె కొనని ఇంట్లో మనుషులుండరని తనే కదా అన్నది. మర్నాడు వస్తూనే పాత రొట్టె తీసి కొత్తది పెట్టాడు.

సారా కొట్టులో ఒలెగారియో గ్లాసు తుడుస్తూ, "హెర్మిందా ఇంట్లో పొగ లేస్తోందంట?" అన్నాడు.

"సబేలా వచ్చేస్తోంది. ఇక్కడే ఉంటదంట."

"ఓహో." గ్లాసు నింపి అతని ముందు పెట్టాడు. "మా బెనిగ్నో ఆగస్టులో వస్తాడు. వచ్చాక నువ్వే చెప్పు ఈ సంగతి. నా నోటితో చెబితే నమ్మడు."

దెల్మీరో గ్లాసు ముట్టుకోలేదు. సబేలాతో ఇంకా ఒక్క మాట కూడా చెప్పలేదతను. ఉత్తరం రాద్దామనుకుని కాగితం ముందు పెట్టుకుని, మొదటి వాక్యం కుదరక వదిలేశాడు. రేపు, ఎల్లుండి అనుకున్నాడు. సభ దాకా పొగ ఉంటే చాలు, ఆమె ఆ ఒక్క రోజు వస్తే చాలు అనుకున్నాడు.

సబేలా చెప్పాపెట్టకుండా వచ్చింది. తల్లి బట్టలు తీసుకుపోదామని, ఇల్లు సర్ది తాళం వేద్దామని. పొద్దుటి బస్సు రోడ్డు మీద దింపింది, అక్కడినుంచి నడక. దెల్మీరో పొయ్యి ముందు మోకాళ్ళ మీద వంగి నిప్పు ఊదుతుండగా బయట పరుగు వినిపించింది. తలుపు దభాలున తెరుచుకుంది.

"అమ్మా!"

అతను వెనక్కి తిరిగాడు. మొహం నిండా మసి. సబేలా గడపలో రొప్పుతూ నిలబడి ఉంది. తలుపు సంచిలోంచి తీసిన రొట్టె ఆమె చేతిలో ఇంకా వేడిగా ఉంది. ఆ అరుపు ఆమె మొహం మీద ఇంకా ఆరలేదు.

"నువ్వా," అంది.

"సబేలా, నేనే చెబుదామనుకున్నా. తనిఖీ వస్తోంది. ఒక్క ఓటమ్మా. నువ్విక్కడ ఉంటానని ఒక్క మాట అంటే చాలు, మిగతాదంతా నేను..."

"మలుపు దగ్గర పొగ చూశాను." ఆమె అతని మాట విన్నట్టు లేదు. "పెట్టె మీద మట్టి వేసింది నేనే. ఈ చేత్తోనే వేశా. అయినా పొగ చూసి పరిగెత్తా. తలుపుకి రొట్టె వేలాడుతోంది. ఇంక అమ్మ లేకుండా ఎలా ఉంటుంది అనుకున్నా. ఎంత పిచ్చిదాన్నో చూడు."

దెల్మీరో లేవబోయాడు. మసి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"అమ్మ కొండ కోసమే కదమ్మా ఇదంతా. ఆమెకు ఇష్టమని..."

"అమ్మకేం ఇష్టమో చెప్పనా?" సబేలా రొట్టెను మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టింది. "ఆసుపత్రిలో మూడు రోజులు. మంచం పక్కనే గోడకి వేడి పెట్టె. కాళ్ళు పెట్టుకోమ్మా అంటే పెట్టుకోలా. ముడుచుకుని పడుకుంది. మాట్లాడే ఓపిక లేదు, అయినా ఒకటే అడిగేది. 'దెల్మీరో వెళ్ళమన్నాడా?' అని. నేనెప్పుడు చెయ్యి పట్టుకున్నా అదే. 'దెల్మీరో వెళ్ళమన్నాడా?'"

పొయ్యిలో ఓక్ కట్టె చిటపటమంది. మంచి కట్టె, బాగా అంటుకుంది.

"ఏం చెప్పావు?" అన్నాడు దెల్మీరో.

"ఏం చెప్తాను? వెళ్ళమన్నాడమ్మా అన్నా. నడవలో కూర్చుని నువ్వు అనాల్సిన మాట నేను అన్నా. అప్పుడు కాళ్ళు చాపుకుంది. ఆ సాయంత్రమే పోయింది."

దెల్మీరో ఏడ్చాడు. బెనిగ్నో ఏడ్చినట్టే, మొహం దాచుకోవడం కూడా తెలియకుండా ఏడ్చాడు. సబేలా అతన్ని ఓదార్చలేదు, ఆపనూ లేదు. మూలనున్న బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి అతని ముందు పెట్టింది.

"అబద్ధం నేను చెప్పా. దాన్ని నిజం చెయ్యాల్సింది నువ్వు," అంది. "పోనివ్వు మా అమ్మని."

"కొండ పోద్ది సబేలా."

"తెలుసు."

చెంబు అతని చేతుల్లో చాలాసేపు ఉంది. ఎనభై ఏళ్ళ చేయి ఒకటి సభలో లెక్క పూర్తయ్యేదాకా లేచి ఉన్నంతసేపు ఉంది. తర్వాత నిప్పుల మీదకు వంచాడు. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచి, ఇద్దరి మొహాలకూ కొట్టి, గది నిండా బూడిద వాసన నింపింది. రెండో చెంబు అతనే ముంచి తెచ్చాడు.

వెళ్ళేటప్పుడు సబేలా రొట్టె అతని చేతికిచ్చింది. "ఇది తీసుకుపో. ఈ ఇంట్లో ఎవరూ లేరు," అంది. అతను వ్యానెక్కి, పక్కింటి ముందు ఆగి, హారన్ కొట్టాడు. ఆ ఇంటి సంచిలో రొట్టె పెట్టాడు. తల పైకెత్తలేదు.